నీ లెక్కకు తెచ్చిన రొట్టెలు

ఏసురత్నం తమ్ముడూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లాక వచ్చిన మొదటి కోత పండుగ ఇది. దానికి యాభై రోజులు యూదుల పస్కా పండుగ మర్నాటి నుంచి లెక్కించాలని సంఘం పాస్టరుగా నేను, పస్కా వారంలోని ఆదివారం నుంచని నువ్వు ఏటా పోట్లాడుకున్నాం. ఈసారి నా లెక్కన బుధవారమే చేసేశాం.

నీ లెక్కన పండుగైన ఆదివారం నాడు, ఈ అరబ్బు దేశంలోని మన సజ్జా కూలీల క్యాంపు ప్రార్థనకు నీ భార్య మరియమ్మ, వాక్యంలో ఉన్నట్టే, రెండు పులిసిన రొట్టెలు తెచ్చింది.

"పండగ ఖలాస్! తీసెయ్యమ్మా!" అని గర్జించాను.

"బుధవారం మేడమ్ ఇంట్లో బాత్రూములు కడుగుతున్నానండి అయ్యగారూ. నాకు సెలవు ఇవాళే. నాకు పండగ లేదా?"

ఆమె రొట్టెలు ఎత్తుకుని గుమ్మం వైపు నడిచింది. సగంమంది ఆమెతోపాటు వెళ్లిపోవడానికి లేచారు.

లేవీయకాండం ఇరవైమూడు తెరిచాను. పండుగ వచనాల కిందే, నేనెన్నడూ చదివి వినిపించని మాట ఉంది: కోతలో రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు.

గట్టిగా చదివి, రొట్టె విరిచాను. లెక్క మాత్రం నాదే సరైనదన్నాను.

కాదని పోట్లాడటానికి నువ్వు లేవు, తమ్ముడూ.