పాత కంప్యూటర్‌లో చిన్నమ్మమ్మ పాట

పిచ్చుకా, ఇలా రా, బ్యాగ్ దించకముందే ఇది చదువు. నేను ఆస్పత్రికి, చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

ముందు గదిలో పాత కంప్యూటర్ వేసే ఉంచాను. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే సందులు చెడిపోయాయి కదా, అందులో చిన్నమ్మమ్మా నేనూ పాడిన పాటను నీ లాప్‌టాప్‌లోకి వైఫై మీదే లాగాలి. రెండూ వేరే వేరే జాతులైనా పరవాలేదట, ఫోల్డర్ షేర్ చేసే ఉందట. "పాస్‌వర్డ్ అడిగితే లాప్‌టాప్‌ది కాదమ్మా, పాత కంప్యూటర్‌ది కొట్టమను దాన్ని" అన్నాడు మీ మామయ్య ఫోన్‌లో. పాత కంప్యూటర్ అడ్రసని వాడు చెప్పిన అంకెలు ఈ కాగితం వెనకవైపు రాశాను, చుక్కలతో సహా కొట్టు.

నిన్న కాపీ సగంలో ఆగిపోతే నెట్‌వర్క్‌ని తిట్టిపోశావే, ఆ పాపం నాదే. గదిలో ఎవరూ లేరని అలవాటుకొద్దీ స్విచ్ ఆపేశాను. నీ చిరాకు చూసి చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాను, నా చేతిని నేనే నమ్మలేక.

నిన్న మా చెల్లి నన్ను చూసి "ఎవరండీ మీరు?" అంది. పెళ్లయ్యేదాకా ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్లం. తన గొంతు తను వింటే ఏమైనా గుర్తొస్తుందేమో. ఆరింటిలోపు రా, తర్వాత లోపలికి రానివ్వరు.

ఇంకోటి. పాటకు ముందు, ఎవరు మొదలుపెట్టాలని మేం పోట్లాడుకున్నది కూడా ఉంది, అది కత్తిరించకు. తనే నెగ్గింది. ఇది గుర్తుపెట్టుకో తల్లీ, రేపు నేనూ మరిచిపోతే నాకు నువ్వే చెప్పాలి.