పోతుపిల్లలకు పేర్లు కావాలి

అంజలి మేడం గారికి, తనకల్లు పక్క పల్లె నుంచి నమస్కారాలు.

ఇంగ్లండు చర్చి పిల్లలు కేకులమ్మి మీ సంస్థ ద్వారా ఇప్పించిన మేక బాగుంది. ఇంట్లో పాలకు కొదవ లేదు.

నిరుడు అది ఈనిన పోతుపిల్లను మా అత్త ఊరి దేవత చౌడమ్మ జాతరకు మొక్కుకుంది. ఇంతలో మీరు పంపిన దాని ఫొటో చూసి, ఆ ఇంగ్లండు పిల్లలు దానికి టామీ అని పేరు పెట్టారు. "పేరు పెట్టి పిల్చుకున్నదాన్ని యాడన్నా కోస్తారా?" అని అత్త టెంకాయ కొట్టి సరిపెట్టింది.

ఈసారి రెండు పోతుపిల్లలు పుట్టాయి. అత్త వాటినీ మొక్కేసింది. జాతర వచ్చే మంగళవారమే. దయచేసి ఆ పిల్లల్ని అడిగి, ఆలోపే రెండు పేర్లు పంపండి.

నేను పెడతానంటే అత్త ఒప్పుకోలేదు. "మేకనిచ్చినోళ్లే పెట్టల్ల. బిరబిరా రాయి" అంటూ, రెండింటినీ ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుంది.