మద్దమ్మకు నల్ల బీరువా

మొన్నటి దుమ్ముగాలికి బీరువా అంతా బూడిదరంగు తిరిగింది. ఈ ఉదయం చూస్తే కుడి తలుపు మీది బంగారు కొంగ ఒక్కటే మెరుస్తోంది. ఎవరో దాన్ని మాత్రం వేలితో తుడిచారు.

కీ.శే. బుడేన్ సాహెబ్ కుమార్తెను, రాయచోటి వాసిని, ప్రస్తుతం కువైట్ అబ్బాసియాలో ఉంటున్న నిలోఫర్ అనే నేను, వయసు ఇరవై తొమ్మిది, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకు ఆపరేషన్. నేను తిరిగి రాకపోతేనే ఇది చెల్లుతుంది.

1. అమ్మ హమీదా బీకి, ఇక్కడ నాతోనే ఉంటున్న తమ్ముడు అస్లాంకు రావలసింది మా ధర్మం ప్రకారం వస్తుంది. దానికి నా రాత అక్కర్లేదు. వారసులు కానివారికి మూడో వంతు దాకా ఇచ్చే హక్కు నాకుంది. మిగతాదంతా దాని గురించే.

2. నల్ల బీరువా మద్దమ్మకు. ఇక్కడే రిగ్గై పేటలో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. నేను పిల్లలకు చదువు చెప్పేదాన్ని, ఆమె ఇల్లు చూసేది. ఇల్లు మారేటప్పుడు యజమానురాలు, ఇక్కడి వాడుకలో మేం మామా అని పిలిచే ఆమె, దీన్ని నాకిచ్చింది. ఇప్పుడు మద్దమ్మ అబూ హలీఫా అనే పేటలో ఇంకో ఇంట్లో పనిచేస్తోంది. అక్కడ ఆమె సంచిని ఎవరైనా తెరవవచ్చు. ఈ దేశంలో ఆమెకు తాళం వేసుకునే చోటు లేదు. బీరువాకు తాళం ఉంది.

3. మీద చైనా బొమ్మలున్నా ఇది చైనాది కాదు. చైనా ఎరగని ఒక ఇంగ్లీషు పనివాడు నూరేళ్ల కిందట చేశాడు. చైనావాళ్లు వాడే చెట్టుపాలు అతనికి దొరకలేదు. మన దేశపు లక్కను స్పిరిట్‌లో కరిగించి, నలుపు కలిపి, పూత మీద పూత వేశాడు. బొమ్మలు ఊహించి గీశాడు. మద్దమ్మ తుడుస్తూ, "మోకాలు ముందుకు వంచినాడు సూడు పాపా. ఈయప్ప కొంగను యాడా సూసినట్టు లేడు," అనేది.

4. ఈ పూతకు శానిటైజర్ తగలకూడదు, అందులోనూ స్పిరిటే కాబట్టి కరుగుతుంది. కరోనా రోజుల్లో అస్లాం ఎడమ తలుపును దానితోనే రుద్దాడు. గుడ్డకు నలుపంటితే, "సూడు ఆపా, ఎంత మురికి ఉండాదో," అన్నాడు. తలుపు మీద గీసిన వంతెన బొమ్మ సగం పోయింది. మన్నించాను, మరవలేదు.

5. బీరువా విలువ మూడో వంతు దాటుతుందని అస్లాం వాదించవచ్చు. అమ్మేద్దామని అతనే పిలిపించిన పాతసామాను వర్తకుడు, వంతెన పోయింది కాబట్టి సగం ధరే వస్తుందన్నాడు. ఆ ధరకు అది మూడో వంతులో ఇముడుతుంది. అందుకు అస్లాంకు కృతజ్ఞతలు.

6. నా పుస్తకాలు పై అంతస్తు ఆసియా బీ కూతురు సైరాకు. అంచుల్లో నేను రాసుకున్నవి చదవవచ్చు. నవ్వకూడదు.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత ఆసియా బీది. బీరువా ఆమె హాల్లో ఉంటుంది. మద్దమ్మ శుక్రవారాలు వచ్చి తెరుచుకుంటుంది. లోపల ఏముందని ఎవరూ అడగకూడదు.

అబ్బాసియా, శనివారం, 24 మే 2025
(సంతకం) నిలోఫర్

సాక్షులు: హుస్సేన్ వలి, టైలర్
నాగరాజు, డ్రైవర్

తాళంచెవి కోసం అస్లాం వెతకనక్కర్లేదు. నిన్న మద్దమ్మ వచ్చినప్పుడు ఇచ్చేశాను.