సగం ధర చెప్పిన వాచీలు

దీని కింద సంతకం పెడుతున్న నేను లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. వయసు డెబ్బై నాలుగు. గుండె బలహీనంగా ఉందనీ, బుద్ధి మాత్రం స్థిమితంగా ఉందనీ డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం దీనికి జతపరిచాను. గుండె సంగతి ఆయన చెప్పింది నిజమే. బుద్ధి సంగతి మాత్రం నా భార్య ఏనాడూ ఒప్పుకోలేదు. ఇంట్లో పది వాచీలు నడుస్తుండగా పదకొండోది కొనేవాడికి మతి ఎక్కడుందని ఆవిడ వాదన. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మాయమాటలూ వినకుండా, నా తదనంతరం నాది అన్నదంతా ఎవరికి ఎలా చెందాలో నా చేత్తో నేనే రాస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కోడలిది. ఎందుకు కోడలో నాలుగో అంశంలో ఉంది. అబ్బాయీ అమ్మాయీ అలగకుండా అక్కడిదాకా చదవండి.

1. మేము ఉంటున్న రెండు గదుల ఇల్లు, బ్యాంకులో ఉన్న డిపాజిట్టు నా స్వార్జితం. నా భార్య జీవించి ఉన్నంత కాలం ఇవి సర్వహక్కులతో ఆవిడవే. ఆ తర్వాత అబ్బాయికీ అమ్మాయికీ చెరి సగం. ఆవిడ బతికుండగా ఆ ఇంట్లో కుర్చీ కూడా జరపకూడదు. మాట వరసకి అనడం లేదు. మొన్న సోఫాని కిటికీ వైపు జరిపితే, సాయంత్రమంతా చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది, మనింటికి పోదాం పదండి అంటూ.

2. ఇక అసలు ఆస్తి. పడకగది అలమరలో కింది అరలో, బిగుతుగా చుట్టిన పాత టవలు మీద వరసగా బిగించి ఉన్న నా చేతి వాచీలు. ముప్ఫై పైచిలుకు ఉంటాయి. ఒక్కటీ ఖరీదైనది కాదు. లిఫ్టు గోతిలో మోచేతుల దాకా గ్రీజు పూసుకునేవాడికి ఖరీదైన వాచీ ఎందుకు? వీటి మీద నీకింత మోజేమిటయ్యా అని అడిగినవాళ్ళకి నేనెప్పుడూ సరిగా చెప్పలేకపోయాను. కొత్త స్ట్రాపు వాసన బాగుంటుంది. కీ ఇస్తుంటే వేళ్ళకి తగిలే ఆ చిన్న గరగర బాగుంటుంది. రోడ్డు పక్కన గుడ్డ పరిచి, పిన్నీసులూ దువ్వెనల మధ్య పెట్టి అమ్ముతుంటారు వీటిని. జనం తోసుకుంటూ పోతుంటే, ఆ దుమ్ములో ఒక చిన్న ముల్లు బుద్ధిగా తన పని తాను చేసుకుంటూ తిరుగుతుంటుంది. తను చవకదని దానికి తెలియదు పాపం. నాకు ముద్దొచ్చేది. అంతే కారణం.

ఆవిడేమో బట్టల కొట్లో క్యాషియరు. ధర అడగకుండా ఉండలేదు. కొత్త వాచీ కొన్న రోజు నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కుని ఇంట్లోకి వచ్చేవాణ్ణి. ఆవిడ అన్నం వడ్డిస్తూ నా మణికట్టు చూసేది. ఎంత అనేది. నేను సగం ధర చెప్పేవాణ్ణి. ఆ డబ్బుకి రెండు దుప్పట్లొచ్చేవి కదండీ అనేది. ఇంకో వాచీకి రెండు జతల బూట్లు, మరోదానికి రెండు గిన్నెలు. ఇన్నేళ్ళకి ఈ మధ్యే కూర్చుని లెక్క చూశాను. నేను చెప్పిన ధరకి ఒక్క దుప్పటే వస్తుంది. ఆవిడ ఏనాడూ ఒక్కటి అనలేదు.

ఇప్పుడు ఆవిడకి మతిమరుపు జబ్బు. మనవరాలి పేరు పోయింది, వీధి పేరు పోయింది, చేతిలో చెంచా ఎందుకుందో ఒక్కోసారి తెలియదు. కానీ పొద్దున్నే నా చేతికేసి చూసిందంటే చాలు, మొహం మారిపోతుంది. మళ్ళీ కొన్నారా అంటుంది. నిన్న పెట్టుకున్నదే, మొన్న పెట్టుకున్నదే, ఆవిడకి మాత్రం కొత్తది. ధర అడుగుతుంది. నేను సగం చెబుతాను. దుప్పట్ల లెక్క మొదలవుతుంది. ఆ కాసేపూ మాట తడబడదు, ఎదురుగా ఉన్నది ఎవరా అన్న అనుమానం ఉండదు, నడుం నిటారుగా అవుతుంది. నన్ను నానా మాటలూ అని, అలిసిపోయి, ఆకలేసి, పెట్టింది తింటుంది. తిట్టని రోజున తినదు. నోటి దగ్గర పెట్టినా మొహం తిప్పుకుంటుంది.

నేను పోయాక ఆవిడ ఎవర్ని తిట్టాలి? నాకున్న బెంగ ఇదొక్కటే. అందుకని నా వాచీలు కింద రాసినవారికి రాసినట్టు ఇస్తున్నాను, షరతులతో. దాచుకోకూడదు, అమ్మకూడదు. చేతికి పెట్టుకుని పొద్దున పూట ఆవిడ ముందుకి రావాలి. ఒకే రోజు ఇద్దరు వస్తే తిట్లు పంచుకోవాల్సి వస్తుంది, వంతులు వేసుకోండి. ధర అడిగితే సగం చెప్పాలి. అదీ ఆ రోజుల ధరలో సగం. ఇప్పటి ధరల్లో సగం చెప్పినా ఆవిడ గుండె ఆగుతుంది. ఇది పాతదే కదా, ఇందాకే చెప్పాను కదా అన్న మాటలు ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ మాట వింటే ఆవిడ ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు చేతులు ఒళ్ళో దాచుకుంటుంది. ఒకసారి చూశాను, ఇక చూడలేను.

3. అబ్బాయికి, చుట్టూ తిరిగే రింగు ఉన్న స్టీలు వాచీ. నీళ్ళలో ఈదేవాళ్ళది. మన వంశంలో ఈత వచ్చినవాడు లేడు, అయినా కొన్నాను, ఆ రింగు టిక్కు టిక్కుమని తిరుగుతుందని. చిన్నప్పుడు నువ్వు జ్వరంతో పడుకుని నా చేతికున్న ఆ రింగు తిప్పుతూనే నిద్రపోయేవాడివి. అందుకే అది ఇప్పుడు కాస్త వదులైంది. ఒక్క మాట నాన్నా. నీకు వాదన అలవాటు. అమ్మ బూట్ల లెక్క చెప్పగానే అదెలా కుదురుతుందని కూర్చుంటావు. కూర్చోకు. తల దించుకుని, ఇంకోసారి కొననమ్మా అను. నేను ముప్ఫైసార్లకు పైగా అన్నాను, నాకేం కాలేదు.

4. కోడలికి, చీకట్లో ముళ్ళు మెరిసే రేడియం వాచీ. కరెంటు పోయిన లిఫ్టు గోతిలో నాకు తోడున్నది అదే. పోయిన వానాకాలం నన్ను ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆవిడ రెండు పూటలు మెతుకు ముట్టలేదట. ఎవరూ చెప్పకుండానే ఈ పిల్ల అలమర తెరిచి, నా వాచీ ఒకటి తన సన్నటి చేతికి బిగించుకుని, వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. ఆవిడ చూసింది. "నీకూ అంటిందా ఆయన జబ్బు?" అంది. తర్వాత దుప్పట్లు, తర్వాత బూట్లు, తర్వాత అన్నం. కోడలు ఆ సంగతి నాకు ఆసుపత్రిలో నవ్వుతూ చెప్పింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను, ఏడుస్తున్నానని తెలియకూడదని. ఈ వీలునామా ఆలోచన నాది కాదు, ఆ పిల్లది. అందుకే అమలు కూడా ఆ పిల్లదే. స్ట్రాపుకి ఇంకో చిల్లు వేయించి పెట్టాను, జారకుండా.

5. నా బావమరిదికి, అంటే ఆవిడ తమ్ముడికి, ఆకుపచ్చ డయలు వాచీ. ఇరవయ్యో ఏట ఉద్యోగం ఇంటర్వ్యూకని నా దగ్గర పట్టుకుపోయాడు. ఉద్యోగం వచ్చింది. వాచీని సున్నం బకెట్లో పడేసుకుని, తుడిచి తెచ్చిచ్చి, ఈ బొమ్మ వాచీలు ఇంతకంటే ఏం పనికొస్తాయి బావా అన్నాడు. అద్దం లోపల పట్టిన తెల్లటి మసక ఇప్పటికీ అలాగే ఉంది, వాడి మీద నా కోపం కూడా. ఈ రోజు వాడి చేతికి సాసరంత వాచీ ఉంది. అది తీసి, ఇది పెట్టుకుని రావాలి. ఆవిడకి తమ్ముడంటే ప్రాణం, పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు తమ్ముడని గుర్తుపట్టదు కాబట్టి వాడికీ తిట్లు వడ్డిస్తుంది. ఒరేయ్, గుర్తుపట్టలేదని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నావట, విన్నాను. ఏడవకు. తిట్టించుకో. మీ అక్క గొంతు మళ్ళీ వింటావు. కోపం సంగతి పైన రాశానే గానీ, అది కూడా పాతబడింది.

6. వాచీలు బాగుచేసే నా స్నేహితుడికి, మేమందరం భూతద్దం అని పిలిచేవాడికి, టవలు మీద మిగిలిన వాచీలన్నీ. పై షరతులు నీకు లేవు, నీ కొట్టు ముందు ఆగి ఆశగా చూసే లేనివాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యి. బేరం ఆడనివ్వకు, వాళ్ళు నిన్ను గెలుస్తారు. ఇంకొక పని నీకే అప్పగిస్తున్నాను. నేను పోయిన రోజున నా చేతికి ఏ వాచీ ఉంటుందో అది కోడలు విప్పి నీకు తెచ్చిస్తుంది. దాన్ని బాగుచెయ్యకు, ఎవరికీ ఇవ్వకు. రిపేరుకి వచ్చినవాటితో పాటు, నా పేరు రాసిన చీటీ కట్టి, అద్దాల బీరువాలో వేలాడదీసి ఉంచు. ఎందుకో కిందుంది.

7. అమ్మాయికి. టవలు మీద నీకు నచ్చింది ఏదైనా ముందు నువ్వే తీసుకో, ఆ తర్వాతే మిగతావాళ్ళు. నువ్వు స్కూల్లో సైన్సు చెబుతావు. అబద్ధం నీ నోటికి రాదు. కిటికీ అద్దం పగలగొట్టి, మేము చూడకముందే వచ్చి చెప్పిన పిల్లవి. ఆ గుణం చూసి నేను ఎంత పొంగిపోయానో నీకు తెలియదు.

పోయిన ఏడు మీ పెద్దమ్మ కాలం చేసింది. అమ్మ తన అక్క ఏదని అడిగింది. నువ్వు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా నిజం చెప్పావు. అమ్మ గుండెలు బాదుకుంది. గంటకి మళ్ళీ అడిగింది. నువ్వు మళ్ళీ చెప్పావు. అమ్మ అప్పుడే విన్నట్టు మళ్ళీ ఏడ్చింది. ఇంకోసారి అడిగేసరికి నువ్వు వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడ్డావు. "అమ్మకి అబద్ధం ఎలా చెప్పను నాన్నా?" అన్నావు. దానికి జవాబు అప్పటినుంచీ వెతుకుతున్నాను.

రేపు అమ్మ నేనెక్కడని అడుగుతుంది. నేను స్నానానికి వెళ్ళినా అడుగుతుంది, నీకు తెలుసు. ఆవిడకి నేను రోజూ పోకూడదు తల్లీ. ఒక్కసారి కూడా పోకూడదు.

అందుకని వాచీతో పాటు నా అబద్ధాల్లో ఒకటి నీకు రాసిస్తున్నాను. అవి కూడా నా స్వార్జితమే, ఇవ్వడానికి నాకు పూర్తి హక్కుంది. ఆయనేరి అని అమ్మ అడిగితే, వాచీల కొట్టుకెళ్ళారమ్మా అని చెప్పు. నా పేరు చీటీ కట్టుకుని, నా చేతి చెమట పట్టిన స్ట్రాపుతో, నా వాచీ అక్కడ నిజంగానే ఉంటుంది. కావాలంటే స్కూలు నుంచి వస్తూ అద్దంలోంచి చూసుకో. సగం నిజమే. మిగతా సగం నా లెక్కలో రాసుకో, సంతకం పెట్టి మరీ తీసుకుంటున్నాను.

అమ్మ భయపడదు, ఏడవదు. ఆ కొట్టుకి వెళ్ళినవాణ్ణి వేళకి రానని ఆవిడకి ఏనాటినుంచో తెలుసు. నడుం మీద చెయ్యేసుకుని, తలుపు కేసి చూసి, "రానీ ఆయన్ని, చెప్తా" అంటుంది. అప్పుడు పళ్ళెం ముందు పెట్టు. తింటుంది.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసి ఉంటే అది చెల్లదు. ఇదే ఆఖరిది.

తేదీ: ఈ నెల పద్దెనిమిది, గురువారం, పొద్దున. చేతికున్నది తెల్ల డయలు వాచీ, తోలు స్ట్రాపు. ఆవిడ చూసింది, తిట్టింది, తిన్నది.

సంతకం
లిఫ్టు మెకానిక్, రిటైర్డ్

సాక్షులు:

ఒకటి. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు లిఫ్టు కంపెనీలో సూపర్‌వైజరుగా ఉన్నవాణ్ణి. ఆయన నా ఎదుట చదివి వినిపించి సంతకం పెట్టారు.

రెండు. కింది వాటాలో ఉండే కంపౌండరుని. నా ఎదుట కూడా అంతే. నేను సంతకం పెడుతుండగా అమ్మగారు లోపలి నుంచి వచ్చి, నా చేతి వాచీ చూసి, ఎంత అని అడిగారు. సగం చెప్పాను.