చేపకో ముడి

తిరువూరు,
18-2-1974

పూజ్యులు సలావుద్దీన్ మామూ గారి సముఖానికి,

మేనల్లుడు హుమాయున్ నడుం నొప్పెట్టేలా వంగి చేసుకునే సలాములు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. రెడ్డిగూడెంలో మీరూ, మీ అమ్మాయి నూర్‌బీ అక్కా, బావా క్షేమమని తలుస్తాను.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరం వల్ల మీ విశ్రాంతికి కలగబోయే భంగానికీ, బీయస్సీ రెండో ఏడు వెలగబెడుతున్నవాడు ఇలాంటి విషయం మీద ఇన్ని పేజీలు రాయటం వల్ల విద్యాలోకానికి కలగబోయే తలవంపులకీ, దీన్ని మోసుకొచ్చే పోస్ట్‌మాన్ భుజం నొప్పికీ నేనొక్కణ్ణే బాధ్యుణ్ణి. చేతులు కట్టుకుని నిలబడ్డాను. కూర్చునే రాస్తున్నాను గానీ, నిలబడ్డట్టే అనుకోవాలి.

విషయం: గాలం ముడిని ఎన్నాళ్ళకోసారి విప్పి కట్టాలి?

నవ్వకండి. రెండు వారాల కిందటి ఆదివారం కట్టలేరు వాగు మడుగులో మీ గాలానికి పడ్డ కొరమీను, ఒడ్డుకి మూరెడు దూరంలో ముడి జారి వెళ్ళిపోయింది. పొద్దున్నే కట్టిన ముడి జారిందంటే నా వేళ్ళు పోయాయిరా, ముడి నిలవనివాడి కుట్టేం నిలుస్తుంది అన్నారు. మర్నాడే కొట్టుకి తాళం. ఆ మూడో రోజు రెడ్డిగూడెం బస్సు. నిన్న కబురు, శుక్రవారం గంపలగూడెం నుంచి రాయప్ప వచ్చి మీ కుట్టుమెషిను కొనుక్కుపోతాడని. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అందరి కొలతలూ తీసిన దర్జీ, ఒక చేప సాక్ష్యం మీద తనకి తాను శిక్ష వేసుకోవటం ఏం న్యాయం మామూ?

అందుకని విచారణ జరిపాను. మడుగు దగ్గర మీ పక్కన కూర్చునే హనుమయ్యని అడిగితే, వారానికోసారి కట్టుకుంటే చాల్లేవయ్యా, మీ మామది వట్టి చాదస్తం, చేపకో ముడంటే దారమంతా ముడులకే అయిపోదూ అన్నాడు. అక్కడే గాలం వేసే శౌరయ్య ఇంటికెళ్ళి అడిగితే, తెగిందాకా దాని జోలికే పోను అన్నాడు. లోపల్నించి వాళ్ళావిడ రావమ్మ, అందుకేగా మనింట్లో చేపలకూరంటే వట్టి పులుసే, అంది.

పెద్దలు ఏకాభిప్రాయానికి రాలేదు గనక ప్రయోగానికి దిగాను. మీ పాత గాలం, మీ నైలాన్ దారం, మా వేపకొమ్మ, ఒక నీళ్ళ బకెట్టు. మీరు నేర్పినట్టే అయిదు చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించాను. దారం కొమ్మకి కట్టి, గాలాన్ని బకెట్టు పిడికి తగిలించి, పైకెత్తి వదిలాను. మొదటిసారి నిలిచింది. రెండోసారీ నిలిచింది గానీ, చుట్లు కదిలాయి. మూడోసారి ముడి జారి, బకెట్టు వెళ్ళి అమ్మ ఎండబెట్టిన మిరపకాయల మీద పడింది.

కాలేజీలో బకెట్లు జారవిడవటం నేర్పుతున్నారేంట్రా, మా అన్నయ్యుంటే నీ చెవి మెలేసేవాడు అంటూ అమ్మ కళ్ళు తుడుచుకుంది. మిరపకాయలు ఏరిన చేత్తోనే తుడుచుకుంది గనక, ఏడుపు ఎవరికోసమో తేల్చి చెప్పలేను.

ఆరుసార్లు కొత్త ముడులు వేసి చూశాను. ఒక్కటి కూడా మూడో దెబ్బకి ఆగలేదు. కాబట్టి చేపకో ముడి అన్న మీ చట్టమే ఖాయం. తన వాదం ఓడిపోయినట్టు హనుమయ్యకి తెలియజేశాను. చదువుకున్నోడివి, నీకు వేరే పనేం లేదా అన్నాడు.

ప్రమీలారాణి టీచరు గారు రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్ళారు. ఇంకెవరిచేతో కుట్టించిన జాకెట్టు తెచ్చి అమ్మకి చూపిస్తూ, ఈ చేతిలో నేనూ మావారూ ఇద్దరం పడతామండీ, మీ అన్నయ్య గారెప్పుడొస్తారు అని అడిగారు. అమ్మ టీ ఇచ్చింది.

రాయప్పకి రావద్దని కబురు పెట్టండి. గురువారం బస్సుకి వచ్చేయండి. సంచీ నేను మోస్తాను.

ఇట్లు,
మీ మాట అప్పుడప్పుడూ వినే మేనల్లుడు,
హుమాయున్

తా.క.: ఇదంతా చదివి మీరేమంటారో నాకు తెలుసు. నాది అప్పుడే కట్టిన ముడి కదరా, మొదటి చేపకే జారింది కదా, అంటారు. అది మొదటి చేప కాదు మామూ. ఆ రోజు మడుగు దగ్గర మీరు వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటే చెబుదామనుకుంటూనే ఎరల డబ్బా మూత బిగించాను. ఇంటికొచ్చే దారి పొడుగునా సైకిలు మీద మీ వెనకే కూర్చుని కూడా చెప్పలేకపోయాను. మధ్యాహ్నం మీరు నమాజుకి చెట్టు కిందికి వెళ్ళినప్పుడు, ముట్టుకోవద్దన్న మీ గాలం తీశాను. రెండు పెద్ద జెల్లలు పడ్డాయి. మీరు చూస్తే తిడతారని రెండింటినీ నీళ్ళలోకి వదిలేశాను. మీరు వచ్చేస్తున్నారు, ముడి విప్పి కట్టే తీరిక లేదు. ఆ ముడితోనే ఎర గుచ్చి మీ చేతికిచ్చాను.