ఆరుకాళ్ల యంత్రం బురదలో ఇరుక్కుంది

తమ్ముడూ రాజేశం,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేత కార్ఖానాలో నీ దోస్తులు పాచికల ఆటకు కూర్చున్నారు. అంతరిక్ష సినిమాలో చూసిన ఆరుకాళ్ల యుద్ధయంత్రానికి బలం వంద, కవచం వంద అని అంకెలు వేసి నువ్వు ఆటలోకి దించావు కదా, దాన్ని తీసేస్తామన్నారు.

"దీన్ని ఎవ్వడు గెల్వడన్నా, గిదేం ఆట?" అన్నాడు శీను.

పురాణంలోని ముచ్చట పట్టుకొని లేచాను. "మహారథి రథచక్రమే మట్టిల దిగబడ్డది, గీ ఇనుప పురుగెంతరా! ఒకటి పడితే దీని కాలు బురదల ఇరుక్కుంటది. రాసుకోండ్రి!" అని గర్జించాను. ఒప్పుకున్నారు. నీ యంత్రం ఆటలో నిలిచింది.

నీ తరఫున మొదటి పాచిక నేనే వేశాను. ఒకటి పడింది! బట్ట నేసే సాంచాల చప్పుడు కూడా వినబడనంతగా నవ్వారు.

కాలు పైకి రావాలంటే ఆరు పడాలట. మళ్లీ నా వంతు వచ్చింది, ఉంటాను.

మీ అన్న