అంటని జబ్బు

కోట,
1963 సెప్టెంబరు 15.

గౌరవనీయులైన ప్రేమలీల వదినగారికి,

మీకూ హెబ్రోను అన్నగారికీ ప్రభువు పేరిట వందనములు. ఇక్కడ క్షేమమని రాయవలసిన చోట ఏమి రాయాలో తెలియక వదిలేశాను.

మీ చెల్లెలి చివరి రోజు సంగతి ఆనాడు సరిగా చెప్పలేకపోయాను. గురువారం ఉదయం ఎలిశబెతు తనే లేచి కాఫీ పెట్టింది. దగ్గు లేదు. సాయంత్రం చేపల పులుసు చేస్తా, పెందలాడే రాండి అన్నది. నేను బడిలో పాఠం చెబుతుండగా పక్కింటి చెంచమ్మ పరుగున వచ్చి, అయ్యోరా, అమ్మ పడిపోయింది, రాండి అని కేకేసింది. నేను వెళ్లేసరికి నాడి లేదు. ఆ జబ్బు గుండెకు కూడా తగులుతుందట.

సమాధి దగ్గర మీరు, బిడ్డను పంపేది లేదు మరిదీ, ఆ ఇంటి గోడల్లో కూడా క్షయ ఉంటాది అన్నారు. అందుకే ఈ జాబు.

అది క్షయ కాదు. దగ్గు, జ్వరం, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర ఉబ్బిన గ్రంథులు చూసి అందరమూ అట్లాగే అనుకున్నాం. కంచం, చెంబు వేరు చేశాం. మీరు మా బిడ్డ జ్యోతిని మీ ఇంటికి తీసుకువెళ్లారు. కఫంలో క్రిమి ఒక్కసారీ కనబడలేదు, ఇంజెక్షన్లు పని చేయలేదు. ముక్కు మీద ఎర్రటి బుడిపెలు లేచి, చూపు మసకబారితే మార్చిలో వేలూరు ఆసుపత్రికి వెళ్లాం. మెడ దగ్గరి గ్రంథి తీసి పరీక్షించి సార్కాయిడోసిస్ అన్నారు. ఎందుకు వస్తుందో వారికీ తెలియదు. ఒకరి నుండి ఒకరికి అంటదని మాత్రం చెప్పారు. మళ్లీ అడిగాను. అదే చెప్పారు. ప్రెడ్నిసొలోన్ మాత్రలతో దగ్గు నెమ్మదించింది, చూపు తేటపడింది. తిరిగి వచ్చిన రోజే ఆమె నా కంచంలో అన్నం కలుపుకొని తిన్నది.

ఇట్లు,
మీ మరిది
జయకుమార్

తా.క.: అంటదని తెలిశాక బిడ్డ కోసం ఎందుకు రాలేదని అడుగుతారు. వచ్చాం. జూలైలో, మీకు తెలియకుండా. ముందు తనొక్కతే చూస్తానన్నది. నేను టీకొట్టు దగ్గర ఆగిపోయాను. మాత్రలకు ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బిపోయి ఉంది. జ్యోతి చదివే బడి గేటు దగ్గర బిడ్డ ఆమెను చూసి, ఎవురు కావాలమ్మా మీకు అని అడిగిందట. ఎవురూ వద్దమ్మా, బస్సుకు నిలబడుండా అని చెప్పి వచ్చేసింది. బస్సులో నాతో, బిడ్డకు అక్క మర్యాద బాగా నేర్పింది అన్నది. మాత్రలు తగ్గించే కొద్దీ ముఖం మామూలవుతుందని డాక్టరు చెప్పారు. అప్పుడు పోదామన్నది. తగ్గించడం మొదలుపెట్టాం.

ఈ జాబు పోస్టులో వేయను. రేపు ఉదయం మొదటి బస్సుకు బయలుదేరి వచ్చి మీ చేతికిస్తాను. మీరు చదువుతుండగా, ఆ రోజు గేటు దగ్గర నిలబడినది ఎవరో జ్యోతికి చెబుతాను.